అవ్వ నేర్పిన పాటకు స్ట్రైక్ పడింది, ఇప్పుడేం చేయాలి?

హనుమకొండ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఛానల్ వివరాలు తీసేసి సారాంశం ఇక్కడ ఇస్తున్నాం.

ఆమెకు 34 ఏళ్లు. పుట్టిల్లు పరకాల వైపు పల్లె. భర్తకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. ఆయన కెమెరా, ఎడిటింగ్ చూసుకుంటే ఆమె పాడుతుంది. ఐదేళ్లుగా ఇద్దరూ కలిసి యూట్యూబ్‌లో జానపద పాటల ఛానల్ నడుపుతున్నారు. నిరుడు బతుకమ్మకు, చిన్నప్పుడు అవ్వ దగ్గర నేర్చుకున్న ఉయ్యాల పాట ఒకటి రికార్డు చేసి పెట్టారు. నెలల తరబడి ఏ గొడవా లేదు. పోయిన నెల ఒక మ్యూజిక్ కంపెనీ "ఈ పాట సాహిత్యం, బాణీ మావి" అని నోటీసు ఇచ్చింది. వీడియో పోయింది, ఛానల్ మీద స్ట్రైక్ పడింది. నోటీసులో ఉన్న చిరునామా అమెరికాది.

రెండో పాట వాళ్ల సొంతం. జనగామ వైపు కవి ఒకాయన రాశారు, వరంగల్‌లో కీబోర్డు వాయించే కుర్రాడు మ్యూజిక్ చేశాడు. కోరస్, డప్పు, షూటింగ్ అంతా కలిపి 1,10,000 రూపాయలు అయ్యాయి. ఎవరితోనూ కాగితం రాసుకోలేదు, ఫోన్‌పేలో డబ్బులు పంపడమే. ఆ పాట వారం తిరక్కుండానే రెండు టెలిగ్రామ్ ఛానళ్లలోకి, విదేశాల నుంచి నడిచే ఒక ఎంపీ3 సైటులోకి వెళ్లిపోయింది. పైగా అదే పాట మధ్యలో 38 సెకన్ల మ్యూజిక్ తమదని ఇంకెవరో క్లెయిమ్ పెట్టారు, దాంతో ఆ పాట ఆదాయం వాళ్లకు పోతున్నది.

"ఒకదిక్కు నన్ను దొంగ అంటున్నరు, ఇంకోదిక్కు నా పాటనే దొంగలు ఎత్తుకపోయిండ్రు. కౌంటర్ నోటీసు (వీడియో తప్పుగా తీసేశారని చెప్పే ఎదురు జవాబు) ఇయ్యాలంటే అమెరికా కోర్టుకు ఒప్పుకుంటున్న అని టిక్కు పెట్టాలట. కేసు అయితే నేను ఏడికని పోవాలె?" అని అడిగారు. పైరసీ లింకులన్నీ తీసేయిస్తామని ఒక ఏజెన్సీ 25,000 అడుగుతున్నది. ఇంకో ఛానల్ నడిపే మిత్రుడు, "ఆ ఉయ్యాల పాట పాడినోళ్లందరి మీద నువ్వే ముందు స్ట్రైకులు కొట్టు, పాట నీదైతది" అంటున్నాడు. బంధువు ఒకాయన, కోర్టుకు పోయి ఆ సైటునే బ్లాక్ చేయించమంటున్నాడు.

అమ్మా, ముందు ఒక మాట. యూట్యూబ్ స్టూడియోలో స్ట్రైక్, క్లెయిమ్ పక్కపక్కనే కనబడతాయి కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తుంది. కానీ వాటి దారులు వేరు. క్లెయిమ్ అంటే కంటెంట్ ఐడీ అనే యంత్రం మీ శబ్దంలో ఇంకొకరి శబ్దాన్ని గుర్తుపట్టడం. మామూలుగా వీడియో ఉంటుంది, డబ్బు మాత్రం అటు పోతుంది. స్ట్రైక్ అంటే ఎవరో చట్టం ప్రకారం నోటీసు ఇచ్చి వీడియో తీసేయించడం. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఆ ఛానల్ మాత్రమే కాదు, దానితో ముడిపడిన మీ మిగతా ఛానళ్లూ పోతాయి. కాబట్టి ముందు స్ట్రైక్ సంగతి చూడండి, ఆ తర్వాత క్లెయిమ్. పైరసీ లింకులు చివర. వాటిని చూస్తే మీ మనసుకు ఎక్కువ బాధ కలుగుతుంది, నిజమే. ఛానల్‌కు మాత్రం వాటివల్ల ముప్పు తక్కువ.

స్ట్రైక్‌కు జవాబు రాయకముందు ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో అవ్వ పాడిన పాట, రెండో గడిలో కంపెనీ వీడియోలోని పాట, మూడో గడిలో మీరు పాడింది. చరణం చరణం, మాట మాట రాయండి. బాణీని కూడా పక్కపక్కన వినండి. ముందు వచ్చే మ్యూజిక్, చరణాల మధ్య బిట్లు, కోరస్ ఎక్కడ ఎత్తుకుంటుందో అన్నీ గుర్తు పెట్టుకోండి. మీ కేసు బలమంతా ఈ కాగితంలోనే తేలుతుంది.

ఎందుకంటే, ఎవరు కట్టారో తెలియకుండా తరతరాలుగా వాడకట్టు ఆడవాళ్లు పాడుకుంటున్న పాట సాహిత్యం మీదా బాణీ మీదా ఏ కంపెనీకీ కాపీరైట్ ఉండదు. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం పేరున్న రచయిత రచనకు ఆయన జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు రక్షణ. రచయిత ఎవరో తెలియని రచన అయితే అచ్చయిన నాటి నుంచి 60 ఏళ్లు. అయితే ఆ పాత పాటను ఎవరైనా కొత్తగా రికార్డు చేస్తే, ఆ రికార్డింగ్ మీద వాళ్లకు 60 ఏళ్ల హక్కు వస్తుంది. వాళ్లు కొత్తగా రాసి చేర్చిన చరణం, కొత్తగా కట్టిన మ్యూజిక్ బిట్టు కూడా వాళ్లవే. 'ఉయ్యాలో' అనే పల్లవి ఎవరి సొత్తూ కాదు. కంపెనీ కవి మొన్న రాసి కలిపిన నాలుగు లైన్లు మాత్రం ఆయనవి. బతుకమ్మ పాటల్లో ఇది తరచూ జరిగేదే. కొత్త చరణం రెండేళ్లు వీధుల్లో తిరిగితే అదీ పాతదే అనిపిస్తుంది. మీ పాటలో అలాంటిది ఒక్కటి ఉన్నా ఇప్పుడే పట్టుకోండి.

పాట పాతదని చూపించే ఆధారాలు మీ చుట్టుపక్కలే దొరుకుతాయి. జానపద గేయాలను ఊరూరా తిరిగి సేకరించి అచ్చు వేయించిన బిరుదురాజు రామరాజు మీ జిల్లా దేవనూరు మనిషే. ఆయన పని 1950ల నాటిది. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. కాకతీయ యూనివర్సిటీ లైబ్రరీ ఉంది. పాత సంకలనంలో మీ పాట, లేదా దాని దగ్గరి పాఠం దొరికితే, ఆ పేజీతోపాటు పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరం ఉన్న పేజీని కూడా ఫొటో తీయండి. కంపెనీ వీడియో కన్నా ముందు తేదీ ఉన్న వేరేవాళ్ల వీడియోల లింకులు తేదీతో సహా రాసుకోండి. అవ్వ బతికి ఉంటే ఆమె చేత, లేదంటే ఆమె ఈడు వాళ్లు ఇద్దరి చేత ఆ పాట పాడించి వీడియో తీయండి. ఎవరి దగ్గర, ఏ ఊళ్లో నేర్చుకున్నారో వాళ్ల నోటనే చెప్పించండి.

గళ్ల కాగితం పూర్తయ్యాక మీకు మూడు దారులు ఉంటాయి.

మొదటిది, ఏమీ చేయకుండా ఊరుకోవడం. యూట్యూబ్ అడిగే కాపీరైట్ స్కూలు పాఠం పూర్తి చేస్తే 90 రోజులకు స్ట్రైక్ గడువు తీరిపోతుంది. వీడియో మాత్రం తిరిగి రాదు. ఈలోగా మీరే వీడియోను డిలీట్ చేసినా స్ట్రైక్ పోదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. కంపెనీ చేర్చిన చరణాన్ని మీరు నిజంగానే పాడి ఉంటే ఈ దారే మంచిది. ఆ చరణం తీసేసి, అవ్వ పాడిన పాఠంతో కొత్తగా రికార్డు చేసి పెట్టుకోవచ్చు. ఈ దారిలో ఉన్న ప్రమాదం ఏమిటంటే, అదే కంపెనీ మీ పాత వీడియోలు తవ్వి ఇంకో రెండు నోటీసులు ఇస్తే ఛానల్ పోతుంది. అందుకే జవాబు తేలేదాకా అనుమానమున్న మిగతా బతుకమ్మ వీడియోలను 'ప్రైవేట్'లో పెట్టండి.

రెండోది, నోటీసు వెనక్కి తీసుకొమ్మని కంపెనీని అడగడం. స్ట్రైక్ వివరాల్లో వాళ్ల ఈమెయిల్ ఉంటుంది. కోపం లేకుండా, ఒక్క పేజీ దాటకుండా రాయండి. పాట సంప్రదాయ గేయమని, ఫలానా సంవత్సరం పుస్తకంలో ఉందని, రికార్డింగ్ మీ సొంత గొంతు, సొంత వాద్యాలతో చేసిందని, వాళ్ల రికార్డింగ్‌లోంచి ఒక్క సెకను కూడా తీసుకోలేదని చెప్పి, "మా వీడియోలో మీ సొంత భాగం ఎక్కడుందో నిమిషం, సెకనుతో చూపించండి" అని అడగండి. ఏడు రోజుల గడువు ఇవ్వండి. ఇలాంటి నోటీసులు ఇచ్చేవాళ్లలో కొందరు పాట పేరు చూసే ఇస్తారు, వీడియో పూర్తిగా వినరు. ఆధారాలతో అడిగితే వెనక్కి తీసుకునే అవకాశం ఉంది. తీసుకుంటే స్ట్రైక్ వెంటనే పోతుంది. జవాబు రాకపోయినా ఈ ఉత్తరం మీకు రేపు సాక్ష్యంగా పనికొస్తుంది.

మూడోది కౌంటర్ నోటీసు. మీ భయమంతా దీని మీదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

యూట్యూబ్ అమెరికా కంపెనీ. అక్కడ 1998లో చేసిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం ప్రకారం ఈ వ్యవహారం నడుస్తుంది. మీరు మీ అసలు పేరు, చిరునామా, ఫోను నంబరు ఇవ్వాలి. పొరపాటు వల్లనో, తప్పుగా గుర్తించడం వల్లనో వీడియో తీసేశారని నమ్ముతున్నట్టు ప్రమాణపూర్వకంగా చెప్పాలి. అమెరికా బయట ఉన్నవాళ్లు, యూట్యూబ్ ఉన్న కాలిఫోర్నియా ప్రాంతపు ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నట్టు కూడా అందులోనే రాయాలి. ఇదంతా ఉన్నదున్నట్టు కంపెనీకి వెళుతుంది. అంటే మీ ఇంటి చిరునామా వాళ్ల చేతికి అందుతుంది. అది ఇష్టం లేకపోతే వకీలు ద్వారా పంపే వీలుంది. అది చేరాక కంపెనీకి అమెరికా పనిదినాలు 10 ఉంటాయి. ఆలోగా కోర్టులో దావా వేసినట్టు రుజువు చూపకపోతే వీడియో తిరిగి వస్తుంది, స్ట్రైక్ పోతుంది.

మరి వాళ్లు నిజంగానే దావా వేస్తే? ఒక పాట కోసం కాలిఫోర్నియాలో వకీలును పెట్టడం వాళ్లకూ బరువే. అక్కడి చట్టంలో ఒక్కో పాటకు 750 డాలర్ల నుంచి 30,000 డాలర్ల దాకా, కావాలనే చేశారని తేలితే 1,50,000 డాలర్ల దాకా పరిహారం ఉందని చెప్పి భయపెట్టేవాళ్లు ఉంటారు. అంకెలు నిజమే. కాకపోతే ఆ పరిహారం అడగాలంటే ఉల్లంఘన మొదలుకాక ముందే, లేదా పాట విడుదలైన మూడు నెలల్లోపు, అమెరికా కాపీరైట్ ఆఫీసులో ఆ పాట రిజిస్టర్ అయి ఉండాలి. ఆ ఆఫీసు రికార్డు ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. కంపెనీ పేరుతో, పాట పేరుతో ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగైదు రకాల స్పెల్లింగులతో వెతకండి. కనబడకపోతే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

ఒకవేళ మీరు పోకపోయినా అక్కడ ఏకపక్షంగా తీర్పు వచ్చిందనుకుందాం. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద కొన్ని దేశాల తీర్పులను ఇక్కడి జిల్లా కోర్టులో నేరుగా అమలు చేయించుకోవచ్చు. బ్రిటన్, సింగపూర్ ఆ జాబితాలో ఉన్నాయి. 2020 నుంచి యూఏఈ కూడా ఉంది. దుబాయిలో మనవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి. అమెరికా ఆ జాబితాలో లేదు. వాళ్లు ఆ తీర్పు పట్టుకుని మళ్లీ ఇక్కడ కొత్తగా దావా వేయాలి. అందులో మీరు మీ వాదన వినిపించవచ్చు. అలాగని తీర్పును చెత్తబుట్టలో వేయొచ్చని కాదు. పరిధికి ఒప్పుకుంటూ మీరే రాసిచ్చారు కాబట్టి దానికి కొంత బరువు ఉంటుంది. రేపు ఛానల్ పెరిగి అమెరికాలో మనవాళ్ల వేదికల మీద పాడే అవకాశం వస్తే ఆ తీర్పు అడ్డం రావచ్చు.

దీన్నంతా కలిపి చూస్తే, గళ్ల కాగితంలో మీ పాట పూర్తిగా అవ్వ పాఠమే అని తేలి, మ్యూజిక్ కూడా మీ సొంతమైతే, ముందు రెండో దారి, ఏడు రోజుల తర్వాత మూడో దారి పట్టడం నా దృష్టిలో న్యాయమైన మార్గం. ఒక్క లైను మీద అనుమానం ఉన్నా కౌంటర్ నోటీసు ఇవ్వొద్దు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పినట్టవుతుంది. తెలిసి తెలిసి తప్పుడు నోటీసు ఇచ్చినా, తప్పుడు కౌంటర్ ఇచ్చినా అవతలివాళ్ల నష్టం, వకీలు ఖర్చులు కట్టాలని అదే అమెరికా చట్టం చెబుతుంది. మన కాపీరైట్ చట్టంలో 60వ సెక్షన్ ఉంది. ఆధారం లేకుండా కాపీరైట్ పేరుతో బెదిరించేవాళ్ల మీద ఇక్కడే దావా వేయొచ్చు. కానీ వాళ్లు వెంటనే అసలు ఉల్లంఘన దావా వేస్తే ఆ సెక్షన్ కింద మీ దావా నిలవదు. కాబట్టి అది చివరి అస్త్రం.

ఇక 38 సెకన్ల క్లెయిమ్. దీనికి జవాబు కీబోర్డు తమ్ముడి దగ్గర ఉంది. ఆ బిట్టు ఆయన స్వయంగా వాయించాడా, ఏదైనా లూప్ ప్యాక్‌ (ముందే వాయించి అమ్మే మ్యూజిక్ ముక్కలు) లోంచి తీశాడా, లేక వేరేవాళ్లకు చేసిన ట్రాకునే మీకూ ఇచ్చాడా? తగువులా కాకుండా మామూలుగా అడగండి. వాయించి ఉంటే ప్రాజెక్టు ఫైలు, విడివిడి ట్రాకులు తీసుకోండి. లూప్ అయితే దాన్ని కొన్న రసీదు, లైసెన్స్ పేజీ తీసుకోండి. అందరికీ అమ్మే లూపులు, కరావోకే ట్రాకులు, సౌండ్ ఎఫెక్టులు కంటెంట్ ఐడీలో తమవిగా పెట్టుకోకూడదని యూట్యూబ్ నియమమే ఉంది. అలాంటప్పుడు ధైర్యంగా డిస్ప్యూట్ (క్లెయిమ్ తప్పని అభ్యంతరం) పెట్టండి. అవతలివాళ్లకు 30 రోజులు ఉంటాయి, జవాబివ్వకపోతే క్లెయిమ్ పడిపోతుంది. కాదంటే మీరు అప్పీలు చేయొచ్చు, దానికి వాళ్లకు 7 రోజులు. కానీ ఆ దశలో వాళ్లు మొండిగా తొలగింపు నోటీసు ఇస్తే ఇంకో స్ట్రైక్ పడుతుంది. ఇప్పటికే ఒకటి ఉంది కాబట్టి మొదటి స్ట్రైక్ తేలాకే అప్పీలు దాకా పొండి. మరో సంగతి, క్లెయిమ్ పడిన 5 రోజుల్లోపు డిస్ప్యూట్ పెడితే మొదటి రోజు నుంచి ఆదాయం పక్కన ఆగి ఉంటుంది, గెలిచినవాళ్లకు ఇస్తారు. ఆలస్యమైతే డిస్ప్యూట్ పెట్టిన రోజు నుంచే. మీకు ఆ 5 రోజులు దాటిపోయాయి, ఇక ముందు గుర్తుంచుకోండి. ట్రాకు నిజంగా ఇంకొకరిదే అని తేలితే, స్టూడియో ఎడిటర్‌లో ఆ ముక్కను కత్తిరించవచ్చు, లేదా ఆ ముక్కలో పాట శబ్దం వినబడకుండా చేయవచ్చు. వీడియో లింకూ వ్యూలూ అలాగే ఉంటాయి.

సొంత పాట పైరసీ దగ్గరకు వద్దాం. ఇక్కడ మీకు అడ్డం వచ్చేది విదేశీ సైటు కన్నా ముందు మీ దగ్గర లేని కాగితం. డబ్బు పెట్టి, బాధ్యత తీసుకుని పాటను రికార్డు చేయించారు కాబట్టి సౌండ్ రికార్డింగ్‌కు నిర్మాతలు మీరే. సాహిత్యం కవిది, బాణీ సంగీతం చేసినవాళ్లది. ఫోన్‌పే డబ్బు ఖర్చుకు సాక్ష్యమే గాని హక్కు బదిలీకి కాదు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కు రాతపూర్వకంగా, సంతకంతోనే మారుతుంది. ఎన్నాళ్లకో రాయకపోతే 5 ఏళ్లే అనీ, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే అనీ అర్థం. యూట్యూబ్ ప్రపంచమంతా వినిపిస్తుంది, మీ కాగితం హైదరాబాద్ విమానాశ్రయం దాటకపోతే ఏం లాభం? అట్లాగే 2012 సవరణ తర్వాత కవికి, సంగీతకర్తకు రాయల్టీలో సమాన వాటా హక్కు ఉంది. దాన్ని వాళ్లు వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు. కాబట్టి వాటా ఎంతో మొదటే మాట్లాడుకోండి, తర్వాత మనస్పర్థలు రావు.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, పాట పుట్టగానే హక్కు పుడుతుంది. దేశాలు ఒకరి కాపీరైట్‌ను ఒకరు గుర్తించే బెర్న్ ఒప్పందం వల్ల అది విదేశాల్లోనూ చెల్లుతుంది. అయినా వీలైతే కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైటులో ఫారం 14 నింపి చేయించుకోండి. సౌండ్ రికార్డింగ్‌కు 2,000 రూపాయలు, సాహిత్యానికి 500, సంగీతానికి 500. దరఖాస్తు తర్వాత అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. కవి, సంగీతకర్త అంగీకార పత్రాలు అడుగుతారు, మళ్లీ ఆ కాగితమే.

లింకుల మీదికి వెళ్లేముందు ప్రతి లింకుకూ పూర్తి చిరునామా, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్ రికార్డింగ్ తీయండి. ఆ ఫైళ్లకు ఉచిత టూల్‌తో ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ అంకె (ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఫైలు మారితే ఇదీ మారుతుంది) తీసి రాసుకోండి. 2024 జులై నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద కోర్టుకు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ అంకె అడుగుతారు.

టెలిగ్రామ్‌లో పబ్లిక్ ఛానల్ అయితే వాళ్ల కాపీరైట్ ఈమెయిల్‌కు (డీఎంసీఏ అట్ టెలిగ్రామ్ డాట్ ఆర్గ్) రాయండి. ఛానల్ లింకు చాలదు, పాట ఉన్న ఒక్కొక్క పోస్టు లింకు ఇవ్వాలి. ఫిర్యాదులు తిరిగొచ్చేది ఎక్కువగా ఇక్కడే. ఛానల్ మూతపడ్డా పేరు మార్చి మళ్లీ తెరవడం మామూలే. నడిపేవాడెవడో టెలిగ్రామ్ చెప్పదా అంటే, కోర్టు అడిగితే చెప్పాలి. 2022 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, కోచింగ్ పాఠాలు దొంగిలించిన ఛానళ్ల వెనుక ఉన్నవాళ్ల వివరాలు ఇవ్వమని ఆదేశించింది. సర్వర్లు సింగపూర్‌లో ఉన్నాయన్న వాదనను ఒప్పుకోలేదు. కానీ అది కోర్టు ఖర్చుతో కూడిన పని.

మన దేశపు దారి ఇంకొకటి ఉంది. కాపీరైట్ నియమాలు 2013లో 75వ నియమం కింద రాతపూర్వక ఫిర్యాదు ఇస్తే, లింకును ఉంచిన సంస్థ 36 గంటల్లో దాన్ని ఆపాలి. మీరు 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేవాలి, లేకపోతే మళ్లీ పెట్టుకోవచ్చు. దావా వేసే ఉద్దేశం లేకుండా ఈ ఫిర్యాదు ఇవ్వొద్దు, అందులో దావా వేస్తామని హామీ రాయాలి.

విదేశీ ఎంపీ3 సైటు అసలు ఎక్కడ ఉందో చాలాసార్లు కనబడదు. సైటుకూ జనానికీ మధ్య నిలబడే క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సంస్థ తెర ముందు ఉంటుంది. వాళ్ల ఫిర్యాదు ఫారం నింపితే, దాన్ని అసలు హోస్టింగ్ కంపెనీకి (సైటు ఫైళ్లను తన కంప్యూటర్లలో ఉంచేది) పంపి, ఆ కంపెనీ పేరు మీకు చెబుతారు. అప్పుడు ఆ కంపెనీకి రాయండి. కొన్ని పట్టించుకోవు. అప్పుడు గూగుల్ కాపీరైట్ ఫారంతో ఆ పేజీని వెతుకులాట ఫలితాల్లోంచి తీయించండి. సైటు బతికే ఉంటుంది, కానీ మీ పాట పేరు కొట్టినవాళ్లకు అది కనబడదు. జనం వచ్చే దారి ఎక్కువగా అదే కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది. ఆ ఫిర్యాదు మీ పేరుతో సహా లూమెన్ అనే బహిరంగ సంగ్రహంలోకి వెళ్లవచ్చని తెలుసుకుని ఇవ్వండి.

ఇవన్నీ మీరే చేసుకోగలరు. వారానికి అరగంట చాలు. ఏజెన్సీకి ఇవ్వాలనుకుంటే, ఎన్ని లింకులకు ఎంత, తీయకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా, ప్రతి నోటీసు కాపీ మీకు పంపుతారా అని అడగండి. వాళ్లు మీ పేరు మీద ప్రమాణం చేస్తారు. పాట పేరు కనబడ్డ ప్రతి లింకుకూ గుడ్డిగా నోటీసులు పంపితే తప్పు మీ మీదికి వస్తుంది. ప్రతి నోటీసు కాపీ ఇవ్వడానికి వాళ్లు ఒప్పుకోకపోతే 25,000 అక్కడ పెట్టొద్దు.

పోలీసుల సంగతి కూడా అడగకుండానే చెప్పాలి. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఇది నేరం. 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. 2022లో సుప్రీంకోర్టు దీన్ని బెయిలు హక్కుగా రాని (కోర్టు ఇస్తేనే వచ్చే) నేరంగా తేల్చింది. టెలిగ్రామ్ ఛానల్ నడిపేది నర్సంపేటలోనో హుజూరాబాద్‌లోనో చదువుకునే పిల్లగాడు అయితే, కేసు కన్నా ముందు ఒక మెసేజ్ పెట్టి అడిగి చూడండి. పాటలతో డబ్బు చేసుకునే ముఠా అయితే స్క్రీన్ రికార్డింగులతో సైబర్ క్రైమ్ స్టేషన్‌కు వెళ్లడంలో తప్పులేదు.

సైటునే బ్లాక్ చేయించమన్న సలహా గురించి. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు, దొంగ సైట్లను, అవి పేరు మార్చి మళ్లీ పుట్టే నకళ్లను కూడా ఆపే ఉత్తర్వుకు దారి చూపింది. ఆ దారిలో నడిచేది పెద్ద సినిమా సంస్థలు. దాని ఖర్చు మీ పాట ఖర్చు కన్నా చాలా ఎక్కువ. ఇంకో కారణం కూడా ఉంది. 2012లో మద్రాస్ హైకోర్టు ఒక సినిమా కోసం ఇచ్చిన ఉత్తర్వును పట్టుకుని ఇంటర్నెట్ కంపెనీలు విమియో లాంటి సైట్లను మొత్తంగా మూసేశాయి. ఫలానా లింకుల వరకే అని కోర్టు తర్వాత స్పష్టం చేయాల్సి వచ్చింది. 2017 ఆగస్టులో ఇంకో ఉత్తర్వులో రెండువేలకు పైగా సైట్ల జాబితా ఇస్తే, అందులో ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా పోయింది. పాత తెలుగు పుస్తకం కోసం వెతికే ప్రతివాళ్లూ వెళ్లే చోటది. రేపు మీ అవ్వ పాట పాతదని చూపే పుస్తకం కూడా అక్కడే దొరకవచ్చు. లింకు చూపించి తీయించడం న్యాయం. ఊరంతా మూసేయిస్తే ఆ దెబ్బ సంబంధం లేనివాళ్లకు తగులుతుంది.

మీ మిత్రుడి సలహా వద్దే వద్దు. అవ్వ పాట మీదని మీరు ఇచ్చే ప్రతి నోటీసూ, ఇవాళ కంపెనీ మీకిచ్చిన నోటీసు లాంటిదే. మీ మూడు గళ్ల కాగితమే మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది. తప్పుడు నోటీసులు ఇస్తూ పోతే యూట్యూబ్ ఖాతా తీసేస్తుంది. హంటర్ రోడ్డులోనో మడికొండలోనో అదే పాటను తమ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న ఇంకో అమ్మాయి ఛానల్ పోతుంది. మీరు ఆపగలిగేది మీ రికార్డింగ్‌ను యథాతథంగా ఎత్తిపెట్టినవాళ్లను మాత్రమే.

తెలియకుండా ఇదే పొరపాటు జరిగే చోటు ఇంకొకటుంది. పాటలను స్ట్రీమింగ్ యాప్‌లలో పెట్టించే డిస్ట్రిబ్యూటర్ ఫారంలో 'యూట్యూబ్ కంటెంట్ ఐడీ' అని ఒక గడి ఉంటుంది. సంప్రదాయ పాటకు ఆ గడిలో టిక్కు పెట్టొద్దు. పెడితే అదే బాణీలో పాడిన ఊరూరి ఆడవాళ్ల వీడియోల మీద మీ పేరుతో క్లెయిములు పడవచ్చు. సొంత పాటకు పెట్టవచ్చు, కానీ అందులో లూపులు ఉండకూడదు. మీ ఛానల్‌ను మినహాయింపు జాబితాలో చేర్చమని ముందే రాయండి, లేకపోతే మీ వీడియో మీద మీకే క్లెయిమ్ వస్తుంది.

ఈ వారం కవి ఇంటికి, కీబోర్డు తమ్ముడి దగ్గరకు వెళ్లి రాసుకోవాల్సిన కాగితంలో ఈ వాక్యం ఉండాలి: "ఫలానా పాట సాహిత్యం (సంగీతం అయితే సంగీతం) నేను సొంతంగా చేసినది, ఇంకెవరికీ ఇవ్వలేదు. దీన్ని రికార్డు చేసి, ఇంటర్నెట్‌తో సహా అన్ని మాధ్యమాల్లో, ప్రపంచమంతటా, ఇన్ని సంవత్సరాల పాటు వాడుకునే హక్కు ఇన్ని రూపాయలకు, రాయల్టీలో చట్టప్రకారం నా సమాన వాటా నిలుపుకుంటూ, ఫలానావారికి రాసిస్తున్నాను." కీబోర్డు తమ్ముడి కాగితంలో వాడిన లూపుల పేర్లు కూడా రాయించండి. తేదీ, సంతకాలు, ఇద్దరు సాక్షులు. పాట విడుదలైన తేదీ దాటిపోయింది కదా అని పాత తేదీ వేయొద్దు, ఇవాళ్టి తేదీయే వేసి, విడుదలైన నాటి నుంచి వర్తిస్తుందని లోపల రాయండి.